చల్లని పెట్టెలో చిచ్చు

* ఇరవై నాలుగ్గంటలూ నడిచే యంత్రం.. ఇంట్లో ఎవరికీ పట్టదు
* లండన్‌లో 72 మందిని బలిగొన్న మంట మొదలైంది ఫ్రిజ్‌ దగ్గరే
* మనదగ్గర ‘షార్ట్ సర్క్యూట్’తో ఫైలు మూత
* సరిహద్దు అవతల కొన్నా.. ఫిర్యాదు మన జిల్లాలోనే

పడుకోబోయే ముందు పొయ్యి ఆర్పేస్తాం. సిలిండరు కట్టేస్తాం. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేస్తాం. టీవీ, ఫ్యాను, మోటారు.. అన్నీ ఒకసారి చూసుకుంటాం. ఫ్రిజ్ జోలికి మాత్రం పోం. కొన్న రోజు దుకాణం కుర్రాడు వచ్చి పెట్టిన ప్లగ్గు పదేళ్లయినా అలాగే ఉంటుంది. గోడకు ఆనించిన పెట్టెను దీపావళికి సున్నం వేసేప్పుడు తప్ప ఎవరూ కదపరు. పాలు విరగకుండా ఉంటే చాలు, అది బాగున్నట్టే లెక్క!

హోసూరు కానివ్వండి, బళ్లారి కానివ్వండి, రాయగడ, యానాం, సోలాపూర్ కానివ్వండి.. మనవాళ్ల ఇళ్లలో ఇదే వరస. ఫ్రిజ్ అంటే చల్లదనమే గుర్తొస్తుంది గానీ నిప్పు గుర్తుకు రాదు. నిజానికి ఫ్రిజ్ ప్రమాదాలు అరుదే. కోట్ల ఇళ్లలో పగలూ రాత్రీ నడుస్తూ ఉంటే, ఎక్కడో ఒకటి అంటుకుంటుంది. కానీ అంటుకుంటే మాత్రం అర్ధరాత్రి, అందరూ నిద్రలో ఉండగా అంటుకోవచ్చు. అదీ అసలు భయం.

ఊరపాక్కంలో ముగ్గురు..

చెన్నై శివారులో ఊరపాక్కం ఉంది. 2022 నవంబరు 4న తెల్లవారుజామున అక్కడి ఓ అపార్ట్‌మెంటు ఇంట్లో ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు చనిపోయారు. అది చాలాకాలంగా తాళం వేసి ఉన్న ఇల్లు. ఇంట్లోవాళ్లు దుబాయ్ నుంచి అప్పుడే వచ్చారు. రాత్రి పడుకున్నాక ఫ్రిజ్ దగ్గర పేలుడు, మంట. ఆ పొగకు ఊపిరాడకే ముగ్గురూ పోయారని పోలీసులు అప్పట్లో చెప్పారు. 2023 మార్చిలో పొల్లాచ్చిలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు, ఒక మహిళ మంటల్లో చనిపోయారు. అక్కడా ఫ్రిజ్ పేలుడనే అనుమానించారు. అదే ఏడాది అక్టోబరులో పంజాబ్‌లోని జలంధర్‌లో ఒకే కుటుంబంలో చిన్నపిల్లలతో సహా ఐదుగురికి పైగా బలైపోయారు. ఆ ఇంట్లో ఫ్రిజ్ పాతదేం కాదు, కొని ఏడాది కూడా కాలేదని బంధువులు చెప్పినట్టు వార్తలొచ్చాయి.

ఈ మూడింటి తర్వాత ఏమైంది? రెండు రోజులు పేపర్లో వచ్చింది. టీవీలో కాలిపోయిన గది చూపించారు. అంతే. ఆ ఫ్రిజ్‌లు ఏ మోడల్, ఎప్పటి తయారీ, నిప్పు ఏ భాగంలో పుట్టింది, అదే మోడల్ ఇంకెన్ని ఇళ్లలో ఉంది అన్నది మామూలు జనానికి తెలిసేలా ఎవరూ చెప్పలేదు. మనదగ్గర ఇంటి మంటలకు ఒకటే పేరు.. ‘షార్ట్ సర్క్యూట్’. ఆ రెండు మాటలతో పంచనామా అయిపోతుంది. షార్ట్ సర్క్యూట్ అనేది కారణం కాదండీ, ఫలితం. వైరు ఎందుకు కాలింది అన్నది కారణం. అది తేలకపోతే, అదే సరుకు పక్కింట్లో ఉన్నా ఎవరికీ తెలియదు.

లండన్‌లో ఏం చేశారు?

ఇక్కడే కాస్త దూరం వెళ్లి రావాలి. 2010లో ఉత్తర లండన్‌లో ఓ ఇంట్లో ఫ్రిజ్ అంటుకుని ఇద్దరు పిల్లల తండ్రి చనిపోయాడు. కుటుంబాన్ని కాపాడుకున్నాడు, తను దక్కలేదు. అగ్నిమాపక శాఖవాళ్లు కాలిపోయిన ఫ్రిజ్‌ను పారేయలేదు. విప్పి చూశారు. అలాంటి మంటలు అదే కంపెనీ ఫ్రిజ్‌లలో మళ్లీమళ్లీ వస్తున్నాయని లెక్క తీశారు. లోపం ఎక్కడో కూడా తేలింది. పేరుకున్న మంచును కరిగించడానికి పెట్టే చిన్న టైమరు స్విచ్చిలోకి నీరు చేరుతోంది. నీరు చేరిన చోట కరెంటు దారి తప్పి వేడెక్కుతోంది. 2000 జనవరి నుంచి 2006 అక్టోబరు దాకా తయారైన బెకో కంపెనీ ఫ్రిజ్‌లు కొన్ని మోడళ్లలో ఇదే సమస్య. 2011లో ఆ శాఖ బహిరంగంగా హెచ్చరించింది. బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల ఫ్రిజ్‌లకు ఆ స్విచ్చి మార్చే కార్యక్రమం ప్రకటించారు.

అరచేతిలో పట్టే స్విచ్చి. దాని ధర ఎంతుంటుంది? దానికోసం ఒక ప్రాణం పోయాక గానీ దేశమంతా తెలియలేదు.

ఆ తర్వాత ఆరేళ్లకు గ్రెన్‌ఫెల్ టవర్. 2017 జూన్ 14. పశ్చిమ లండన్‌లో 24 అంతస్తుల భవనం. నాలుగో అంతస్తులో ఓ ఇంటి వంటగదిలో పెద్ద ఫ్రిజ్ దగ్గర పొగ వచ్చింది. ఆ ఇంటాయన రాత్రి 12.54కు అగ్నిమాపక శాఖకు ఫోన్ చేశాడు. ఇరుగుపొరుగును లేపాడు. సిబ్బంది వచ్చారు, వంటగదిలో మంట ఆర్పేశారు కూడా. కానీ అప్పటికే నిప్పు కిటికీ గుండా బయటపడి, భవనం చుట్టూ తొడిగిన ప్యానళ్లను అంటుకుంది. చూస్తుండగానే పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు. అంతమంది పోవడానికి కారణం ఆ ప్యానళ్లే. కానీ మొదటి నిప్పు ఫ్రిజ్‌లో విద్యుత్ లోపం వల్లే పుట్టిందని విచారణ కమిటీ 2019లో ఇచ్చిన మొదటి నివేదికలో తేల్చింది. ఇంటాయన తప్పేమీ లేదని కూడా రాసింది. కంప్రెసరు దగ్గర రిలే ఉండే చిన్న గదిలో, వైరు కొసను సరిగా నొక్కి బిగించకపోవడం వల్ల వేడెక్కి ఉంటుందని ఓ నిపుణుడు విచారణలో చెప్పాడు. అది హాట్‌పాయింట్ పేరుతో 2006-09 మధ్య తయారైన మోడల్. ఫ్రిజ్‌లోనే మొదలైందన్న వాదనను కంపెనీ ఒప్పుకోలేదు. 2018లో బ్రిటన్ ప్రభుత్వం ఆ మోడల్‌ను పరీక్షింపజేసి ప్రమాదం తక్కువేనని, వెనక్కి తీసుకోనక్కర్లేదని ప్రకటించింది. అక్కడ కూడా అన్నీ జనం వైపే తీర్పు రావు మరి. కానీ కాలిపోయిన ఫ్రిజ్ ముక్కల్ని కూడా ఏరి, వైరు కొస దాకా పరీక్షించి, బహిరంగంగా వాదించుకున్నారు. మనకూ వాళ్లకూ తేడా అక్కడుంది.

మిగతా దేశాల సంగతి రెండు ముక్కల్లో. 2009 మార్చిలో అమెరికాలో మేటాగ్ తదితర పేర్లతో అమ్మిన 16 లక్షల ఫ్రిజ్‌లను రీకాల్ చేశారు. అక్కడా కంప్రెసరును నడిపించే రిలేలోనే లోపం. అదే ఏడాది అక్టోబరులో దక్షిణ కొరియాలో ఓ ఇంట్లో ఫ్రిజ్ పేలడంతో శామ్‌సంగ్ 2 లక్షల 10 వేల ఫ్రిజ్‌లను వెనక్కి పిలిచింది. తాజాగా 2025 జులైలో అమెరికాలో ఫ్రిజిడైర్ పేరున్న చిన్న మినీ ఫ్రిజ్‌లు 6 లక్షల 34 వేలు రీకాల్ అయ్యాయి. విద్యార్థులు గదుల్లో పెట్టుకునే రకం. మన ఊళ్ల పిల్లలు చాలామంది అక్కడ చదువుతున్నారు. ముందున్న విద్యార్థి వదిలేసి పోయిన ఫ్రిజ్‌నే వాడుకునే పిల్లలు ఉంటారు. ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగినట్టే, గదిలో ఫ్రిజ్ ఏ మోడలో చూడమని ఓ మాట చెప్పండి.

నిప్పు ఎక్కడ పుడుతుంది?

ఫ్రిజ్ వెనక అడుగున నల్లటి కుండలా ఉంటుందే.. అది కంప్రెసరు. దాని పక్కనే అంటుకుని చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో రిలే, ఓవర్‌లోడ్ ఉంటాయి. కంప్రెసరు ఆగిన ప్రతిసారీ మళ్లీ నడిపించాల్సింది ఈ రిలేనే. రోజుకు ఎన్నోసార్లు ఈ పని జరుగుతుంది. ఓల్టేజీ తక్కువగా ఉంటే కంప్రెసరు కదలదు. కరెంటు మాత్రం ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ తెంపేస్తుంది. కాస్సేపటికి మళ్లీ ప్రయత్నం, మళ్లీ తెగడం. రాత్రిపూట ఫ్రిజ్ వెనక నుంచి ‘టక్.. టక్’మని చప్పుడు వస్తుంటే అదే ఇది. లైటు వెలుగుతుంది, పెట్టె మాత్రం చల్లబడదు. మన పల్లెల్లో లైను చివరి ఇళ్లవాళ్లకు ఈ చప్పుడు బాగా తెలుసు. చాలామంది ‘పాతదైంది, అలాగే అంటుంది’ అని వదిలేస్తారు. వదలకూడదు. ప్లగ్గు పీకి మెకానిక్కును పిలవాలి.

మంచు పట్టని రకం ఫ్రిజ్‌లలో ఇంకొకటి ఉంది. లోపల మంచును కరిగించే హీటరు. అవును, చల్లని పెట్టెలో హీటరు! టైమరు దాన్ని వేసి తీస్తూ ఉంటుంది. పైన చెప్పిన లండన్ లోపం ఈ టైమరుదే.

అసలు నిప్పురవ్వ చిన్నదే. దాన్ని పెద్దది చేసేది ఫ్రిజ్ గోడలు. బయట రేకు, లోపల ప్లాస్టిక్, రెండింటి మధ్యా చల్లదనం పోకుండా నింపే నురగ. అది పాలీయురెథేన్. ఒకసారి అంటుకుంటే గబగబా కాలుతుంది. నల్లటి పొగ వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు లాంటి విషవాయువులుంటాయి. నిద్రలో ఉన్నవాడు మంట తగలకుండానే పోతాడు. వెనకవైపు రేకు ఉంటే నురగకు కొంత అడ్డు. ప్లాస్టిక్ షీటుంటే ఆ అడ్డు లేదు. లండన్ అగ్నిమాపక శాఖ ఏళ్ల తరబడి పోరాడింది ఈ ప్లాస్టిక్ వీపు మీదే. ఫ్రిజ్ కొనేటప్పుడు మనం రంగు చూస్తాం, నక్షత్రాలు లెక్కపెడతాం. ఆ నక్షత్రాలు కరెంటు ఆదాకు మాత్రమే. నిప్పుకూ వాటికీ సంబంధం లేదు. ఒక్కసారి వెనక్కి తిప్పి రేకుందో ప్లాస్టిక్కుందో చూసే వాళ్లెంతమంది?

గ్యాసు మారింది.. పనితీరు మారిందా?

ఫ్రిజ్‌లో తిరిగే గ్యాసు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పాతకాలం ఫ్రిజ్‌లలో ఆర్-12 ఉండేది. అది మండదు, కానీ ఓజోన్ పొరను తినేస్తుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత దశలవారీగా తీసేశారు. దాని చోట ఆర్-134ఎ వచ్చింది. అదీ మండదు. కానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా ఘటికురాలు. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఎ. అంటే ఐసోబ్యూటేన్. 1990ల మొదట్లో జర్మనీలో మొదలైంది. వాతావరణానికి మంచిది, కరెంటు ఆదా. కానీ మండుతుంది. మన వంటగ్యాసుకు దగ్గరి చుట్టమే. పైగా వంటగ్యాసులో లీకైతే తెలియడానికి వాసన కలుపుతారు. దీంట్లో ఆ ఘాటు వాసన ఉండదు.

అమ్మో అనక్కర్లేదు. సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు. ఇంటి ఫ్రిజ్‌లో ఐసోబ్యూటేన్ మామూలుగా 50 గ్రాముల అటూ ఇటూ. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 150 గ్రాములు దాటకూడదు. లెక్క వేసి చూడండి. 50 గ్రాములు మొత్తం ఆవిరైతే 20 లీటర్లకు కాస్త పైన అవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గదిలో గాలి 28 వేల లీటర్లు. గాలిలో 1.8 శాతం చేరితే గానీ ఈ గ్యాసు అంటుకోదు. గదంతా కలిసిపోతే పదో వంతు శాతం కూడా కాదు. కానీ అదే గ్యాసు తలుపు మూసిన 200 లీటర్ల పెట్టె లోపల చేరితే? పది గ్రాములు చాలు, 2 శాతం దాటుతుంది. అప్పుడు లోపల థర్మోస్టాటు దగ్గరో లైటు స్విచ్చి దగ్గరో చిన్న రవ్వ పుడితే తలుపు ఊడి పడుతుంది. అంటే ఈ గ్యాసుతో ప్రమాదం గదిలో కంటే పెట్టెలోనే ఎక్కువ. అందుకే కంపెనీలు ఈ రకం ఫ్రిజ్‌లలో లోపలి స్విచ్చిల రవ్వ గ్యాసుకు తగలకుండా కట్టుదిట్టం చేస్తాయి.

చిక్కంతా మరమ్మతు దగ్గర వస్తుంది. ఆర్-134ఎ కోసం తయారైన పాత ఫ్రిజ్‌లో చవగ్గా వస్తుందనో, కరెంటు తక్కువ లాగుతుందనో మండే గ్యాసు నింపితే ఆ కట్టుదిట్టం ఏదీ దానికి ఉండదు. గ్యాసు లోపల ఉండగానే గొట్టానికి వెల్డింగు పెట్టడం మరో పొరపాటు. ఐసోబ్యూటేన్ ఉన్న ఫ్రిజ్‌ను ఇల్లు మూసుకుని, పొయ్యి పక్కన పెట్టుకుని బాగుచెయ్యకూడదు. వరండాలోకో పెరట్లోకో తెచ్చి, ముందు గ్యాసు బయటికి పంపి, ఆ తర్వాతే మంట ముట్టించాలి. మెకానిక్కు రాగానే ‘ఎంతవుతుంది?’ అని అడుగుతాం. దానికంటే ముందు ‘దీంట్లో ఏ గ్యాసుంది, నువ్వు ఏది నింపుతున్నావ్?’ అని అడగండి. కంప్రెసరు మీద, వెనక చీటీ మీద గ్యాసు పేరు రాసి ఉంటుంది. మండే రకమైతే త్రికోణంలో మంట బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మకు భాష అక్కర్లేదు. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ రాకపోయినా పర్లేదు.

కత్తిపీట తగలెయ్య!

ఒంటి తలుపు ఫ్రిజ్ ఉన్న ప్రతి ఇంట్లో జరిగేదే. ఫ్రీజరులో ఐసు గడ్డ కట్టి ట్రే ఇరుక్కుంటుంది. మీట నొక్కి కరగనిచ్చే ఓపిక ఎవరికుంది? కత్తో, స్క్రూడ్రైవరో, అట్లకాడో తీసుకుని పొడవడమే. ఆ ఫ్రీజరు పలక లోపలే గ్యాసు దారులుంటాయి. అల్యూమినియం మెత్తన. కత్తి మొన దిగితే ‘స్‌స్‌’మని గ్యాసు బయటికొస్తుంది. వచ్చేది ఎక్కడికి? పెట్టె లోపలికే. ఇందాక చెప్పుకున్న పది గ్రాముల లెక్క ఇక్కడే పనికొస్తుంది. అలా జరిగితే కంగారుపడి తలుపు మూసెయ్యకండి. బార్లా తెరిచి పెట్టండి. కిటికీలు తీయండి. పొయ్యి, దీపం, అగరొత్తి ఆర్పండి. ఫ్రిజ్ స్విచ్చి, దాని పక్క స్విచ్చి ముట్టుకోవద్దు. మెయిన్ వేరే గదిలోనో బయటో ఉంటే అక్కడ కట్టేయండి. వీలైతే ఇంట్లోవాళ్లంతా కాసేపు వీధరుగు మీద కూర్చోండి.

ఊరపాక్కంలో జరిగిన దాంట్లో గ్యాసు పాత్ర ఎంతో తేల్చడం మన పని కాదు. కానీ నెలల తరబడి తాళం వేసిన ఇళ్లు సరిహద్దు ఊళ్లలో తక్కువేం లేవు. పిల్లలు బెంగళూరులో, పెద్దవాళ్లు అక్కడికి పోయి నాలుగు నెలలుంటారు. గల్ఫ్ వెళ్లినవాళ్లు, సూరత్, ముంబయి వెళ్లినవాళ్లు పండక్కే వస్తారు. వెళ్లేటప్పుడు ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్గు పీకి, తలుపు కొంచెం తెరిచి మధ్యలో గుడ్డ ముక్క పెట్టి పోవాలి. వచ్చాక మెయిన్ వెయ్యకముందే కిటికీలు తీయాలి. వెనక వైరును ఎలుకలు కొరికాయేమో చూడాలి. ఎలుకలకు ఫ్రిజ్ వెనక భాగం వెచ్చగా ఉండే ఇల్లు. ఆ రాత్రికే ఫ్రిజ్ వేసి పడుకోవాల్సినంత తొందరేముంది? మర్నాడు పొద్దున, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు వేసుకోవచ్చు.

మన ఇళ్లలో ఫ్రిజ్ ఎక్కడుంది?

లండన్‌లో వంటగదిలో. మనకు హాల్లో! అదో హోదా. పైన లేసు గుడ్డ, దానిమీద ప్లాస్టిక్ పూలు, స్టెబిలైజరు, స్టెబిలైజరుకు ఇంకో గుడ్డ, పక్కన మందుల చీటీలు, కరెంటు బిల్లులు. స్టెబిలైజరు వేడెక్కే వస్తువు. దాని గాలి కన్నాలు మూసి, కింద గుడ్డ, పైన గుడ్డ వేస్తే ఏమవుతుంది? చిన్న ఇళ్లలో ఆ హాల్లోనే రాత్రి పడక. వీధి తలుపు పక్కనే ఫ్రిజ్. అంటుకుంటే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. కిటికీలకు ఊచలు. వెనక తలుపు ఉంటే దానికి తాళం, ఆ తాళంచెవి ఎక్కడో ఫ్రిజ్ మీదే! సోలాపూర్‌లో రెండు గదుల ఇళ్లలో ఉండే నేత కుటుంబాలకు స్థలం ఎక్కడ తెస్తాం అనొచ్చు. నిజమే. జరపలేకపోతే కనీసం వెనక తలుపు తాళంచెవి వేరే చోట మేకుకు తగిలించండి. అది ఖర్చు లేని పని.

ప్లగ్గు సంగతి మరొకటి. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను ఎర్తింగు. గోడలో రెండు కన్నాల పాయింటే ఉందని ఆ పిన్ను విరగ్గొట్టి పెట్టేవాళ్లున్నారు. ఫ్రిజ్, మిక్సీ, ఫోను చార్జరు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చేవాళ్లు అంతకంటే ఎక్కువ. ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలినా, పిన్నులు నల్లబడినా పాయింటు మార్చాల్సిందే. ఫ్రిజ్ పక్క గోడలు గోరువెచ్చగా ఉంటే మాత్రం కంగారొద్దు. ఇప్పటి మోడళ్లలో వేడి పక్కల నుంచే బయటికి పోతుంది. అందుకే గోడకు ఆనించకుండా ఖాళీ వదలమంటారు. కిరాణా కొట్లలో కూల్‌డ్రింకు ఫ్రిజ్ వెనకే అట్టపెట్టెలు పేరుస్తారు. అది పెద్ద తప్పు.

అంటుకుంటే నీళ్లు పొయ్యకండి. చెయ్యందితే మెయిన్ కట్టండి. అందకపోతే వదిలేసి మనుషుల్ని బయటికి లాగండి, ఆ గది తలుపు దగ్గరికి వెయ్యండి. పొగలో వంగి నడవాలి. 101కు గానీ 112కు గానీ ఫోన్. కాలిపోయిన ఫ్రిజ్‌ను పాతసామాన్లవాడికి వెయ్యకండి. అదే రేపు సాక్ష్యం.

వెనక్కి పిలిస్తే మనకెలా తెలుస్తుంది?

కంపెనీ లోపం ఒప్పుకుని, ‘ఈ నంబరు నుంచి ఈ నంబరు దాకా ఉన్నవి తెచ్చివ్వండి, బాగుచేసిస్తాం’ అనడమే రీకాల్. కార్ల విషయంలో మనకు అలవాటైంది. కారుకు రిజిస్ట్రేషన్ ఉంది, ఓనరు పేరుంది. ఫ్రిజ్‌కు ఏముంది? బిల్లు మీద షాపువాడు రాసిన ఫోన్ నంబరు. వారంటీ కార్డు ఖాళీగానే ఉంటుంది. బ్రిటన్‌లో ఈ ఇబ్బందికే 2015లో కంపెనీలన్నీ కలిసి కొన్న సరుకు నమోదు చేసుకోడానికి ఒక ఉమ్మడి ఏర్పాటు చేశాయి. అయినా అందరికీ కబురు చేరదు. మనదగ్గరైతే ఎక్స్ఛేంజి మేళాలో ఇచ్చేసిన పాత ఫ్రిజ్ మరో ఊళ్లో, ఒక్కోసారి మరో రాష్ట్రంలో, సెకండ్‌హ్యాండ్‌గా తేలుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పనికిరాని ఫ్రిజ్‌ను రిజిస్టరైన రీసైక్లర్లకే చేర్చాలి. బజారులో జరిగేది మీరు చూస్తూనే ఉన్నారు. అలా చేతులు మారిన ఫ్రిజ్‌కు ఏ కంపెనీ కబురు పంపగలదు?

చట్టంలో మాత్రం దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద ఏర్పడ్డ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రమాదకరమైన సరుకును వెనక్కి తీసుకోమని ఆదేశించవచ్చు. ఇది కాగితం మీది అధికారం కాదు. 2022లో ప్రమాణాలకు తగని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చారని అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైన 2,265 కుక్కర్లు కొన్నవాళ్లందరికీ కబురు పెట్టి, వాటిని వెనక్కి తీసుకుని డబ్బివ్వమంది. ఫ్లిప్‌కార్టుకూ అలాంటి ఆదేశమే ఇచ్చింది. కుక్కర్లకు పనిచేసిన చట్టం ఫ్రిజ్‌లకు పనిచెయ్యదా? ఎవరో ఒకరు అడగాలి. అడగాలంటే ఏ ఫ్రిజ్ కాలిందో మోడల్ నంబరుతో సహా లెక్క ఉండాలి. ఆ లెక్క రాయాల్సింది అగ్నిమాపక శాఖలు. కథ మళ్లీ ‘షార్ట్ సర్క్యూట్’ దగ్గరికే వచ్చింది!

రాయగడవాసి.. పార్వతీపురం బిల్లు

సరిహద్దువాళ్లకు అసలు ఉపయోగపడే మార్పు ఇదే చట్టంలో ఇంకొకటుంది. మనం ఉండేది ఒక రాష్ట్రం, కొనేది ఇంకో రాష్ట్రం. రాయగడ, గుణుపురం వాళ్లు పార్వతీపురంలోనో విజయనగరంలోనో కొంటారు. యానాం వాళ్లకు కాకినాడ. పావగడ వాళ్లకు హిందూపురం. సిరొంచ వాళ్లకు మంచిర్యాల. 1986 నాటి పాత చట్టంలో అమ్మినవాడు ఉన్నచోటో, వాడి శాఖ ఉన్నచోటో, వ్యవహారం నడిచినచోటో కేసు వెయ్యాలి. అంటే అమ్మినవాడి ఊరికి మనం తిరగాలి. వాయిదాకు రెండొందలు బస్సు చార్జీ, ఒకరోజు కూలి పోగొట్టుకుని ఎవడు తిరుగుతాడు? కొత్త చట్టం 34వ సెక్షన్‌లో వినియోగదారుడు నివసించే చోటైనా, పనిచేసే చోటైనా ఫిర్యాదు చేయొచ్చని చేర్చారు. ఇప్పుడు రాయగడవాసి రాయగడ జిల్లా కమిషన్‌లోనే పార్వతీపురం దుకాణం మీద, కంపెనీ మీద ఫిర్యాదు ఇవ్వచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వెయ్యాలి. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ ఏర్పాటు కూడా వచ్చింది. లాయరు తప్పనిసరి కాదు.

ఇంకో మాట. వారంటీ అయిపోయింది కాబట్టి మాకేం సంబంధం లేదని షోరూంవాళ్లు తేలిగ్గా అనేస్తారు. వారంటీ వస్తువు బాగుచెయ్యడానికి. లోపమున్న సరుకు వల్ల మనిషికో ఇంటికో జరిగిన నష్టానికి తయారీదారు, మరమ్మతు చేసినవాడు, కొన్ని సందర్భాల్లో అమ్మినవాడు బాధ్యులని అదే చట్టంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. తప్పు గ్యాసు నింపిన సర్వీసు సెంటరూ దీని కిందికి వస్తుంది. కోర్టు దాకా పోకుండా ముందు అడగాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఏ రాష్ట్రం నుంచి చేసినా తెలుగులో మాట్లాడొచ్చు. లైను కలిశాక భాష ఎంచుకోమంటుంది, కంగారుపడి పెట్టెయ్యకండి.

ఏ ఫిర్యాదుకైనా వాళ్లు మొదట అడిగేవి రెండే. బిల్లు, ఫ్రిజ్ నంబరు. నంబరు చీటీ మామూలుగా తలుపు తియ్యగానే లోపలి పక్కగోడ మీదో, వెనకవైపో ఉంటుంది. మోడల్, సీరియల్ నంబరు రెండూ రాసుకోవాలి. ఇల్లు కాలితే చీటీ కూడా కాలుతుంది కాబట్టి ఫోనుతో ఫొటో తీసి పిల్లలకు పంపి పెట్టండి. ఇక బిల్లు.. ఇప్పుడు షోరూంలలో ఇచ్చేది మిషన్లోంచి వచ్చే నున్నటి కాగితం. బీరువాలో పెట్టినా ఏడాది తిరిగేసరికి అక్షరాలు తెల్లబడిపోతాయి. కొన్న రోజే దాన్ని జిరాక్స్ తీయించండి.